క్యాంపర్ వ్యాన్‌లో రాత్రంతా ఏసీకి 2 కేవీఏ ఇన్వర్టర్ జనరేటర్ సరిపోతుందా?

మీరు అడిగింది ఇదీ. గుంటూరులో పాత టాటా వింగర్ వ్యాన్ ఒకటి కొని, లోపల పడకలు, చిన్న ఫ్రిజ్, ఒక టన్ను స్ప్లిట్ ఏసీ పెట్టించుకున్నారు. భార్యాపిల్లలతో వారాంతాల్లో సూర్యలంక, సెలవుల్లో అరకు వెళ్లాలని ఆశ. షాపులో 2 కేవీఏ (జనరేటర్ ఎంత లోడు మోస్తుందో చెప్పే అంకె) ఇన్వర్టర్ జనరేటర్ చూపించి "డిక్కీలో పెట్టి డోరు కాస్త తెరిచి ఉంచండి సార్, రాత్రంతా నడుస్తుంది, చప్పుడే ఉండదు" అన్నారట. ఇది సరిపోతుందా, 3 కేవీఏకి వెళ్లాలా అని మీ సందేహం.

సూటిగా చెప్తాను. మీ ఏసీ ఇన్వర్టర్ రకమైతే 2 కేవీఏ సరిపోతుంది, 3 కేవీఏ అక్కర్లేదు. కానీ డిక్కీలో పెట్టి మాత్రం నడపొద్దు. మీరు నిద్రపోయే వేళ అసలు ఎక్కడా నడపొద్దు. పగలు జనరేటర్‌తో బ్యాటరీ నింపుకోండి, రాత్రి ఆ బ్యాటరీ మీద ఏసీ వేసుకోండి. మిగతాదంతా ఈ మాటకు వివరణే.

నేను విజయవాడ ఆటోనగర్‌లో పాతికేళ్లుగా జనరేటర్ల పని చేస్తున్నాను. మొదట్లో అన్నీ పెళ్లి పందిళ్లవి, లేదంటే కరెంటు పోగానే బట్టల షాపు ముందు ఫుట్‌పాత్ మీద తాడు లాగి లేపే కిరోసిన్ జనరేటర్లు. కొన్నేళ్లుగా వ్యాన్లకు వైరింగ్ చేయించుకునేవాళ్లు పెరిగారు. అందుకే మీ ప్రశ్న చూడగానే సైజు సంగతి కంటే ముందు ఆ డిక్కీ మాట దగ్గర ఆగిపోయాను.

2024 డిసెంబరులో కేరళలోని వటకర దగ్గర, రోడ్డు పక్కన ఆపి ఉన్న క్యారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. ఏసీ కోసం వేసుకున్న జనరేటర్ నుంచి కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరడమే కారణమని దర్యాప్తులో తేలింది. ఈ గ్యాసుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ పట్టుకోవాల్సిన చోటును ఇది ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మెలకువగా ఉన్నవాడికి తలనొప్పి, వికారం వస్తాయి కాబట్టి కనీసం బయటికి నడుస్తాడు. నిద్రలో ఉన్నవాడు లేవడు.

నాకు జరిగింది కూడా చెప్తాను. 2017 వానాకాలంలో ఒక వ్యాన్ వైరింగ్ పరీక్ష చేస్తున్నాం. బయట జోరువాన. తడవకుండా జనరేటర్‌ను వ్యాన్ వెనకే, టార్పాలిన్ కింద పెట్టాం. నేను, నా దగ్గర పనిచేసే కుర్రాడు లోపల ఏసీ వేసుకుని స్విచ్ బోర్డు బిగిస్తున్నాం. అరగంటకి తల పట్టేసింది. మధ్యాహ్నం భోజనం చేయలేదు కదా, అందుకే అనుకున్నాను. ఇంతలో కుర్రాడు వాంతి చేసుకున్నాడు. దిగి పదడుగులు వేసేసరికి నా కాళ్లు తేలిపోతున్నాయి. డోర్లన్నీ మూసే ఉన్నాయి మరి, ఎలా వచ్చింది? ఏసీ పైపుల కోసం నేలలో మేమే కోసిన రంధ్రంలోంచి! పైపు చుట్టూ సీలింగ్ ఇంకా పెట్టలేదు. ఆ రోజు తర్వాత నా షెడ్డులో కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకుండా ఏ బండి లోపలా జనరేటర్ మీద టెస్టింగ్ చేయలేదు.

ఇన్వర్టర్ జనరేటర్ పొగ కంటికి కనబడదు. పాత కిరోసిన్ బండి నల్లగా కక్కేది, కళ్లు మండేవి, జనమే దూరం జరిగేవాళ్లు. ఇప్పుడు కనబడేది ఏమీ లేదు కాబట్టి, వచ్చేదీ ఏమీ లేదనుకుంటున్నారు. డోరు కాస్త తెరిచి ఉంచితే గాలి ఆడుతుందనేది ఇంకో భ్రమ. ఆగి ఉన్న బండి వెనక గాలి సుళ్లు తిరుగుతుంది. సగం తెరిచిన డోరు పొగను బయటికి పంపే బదులు లోపలికి దారి చూపిస్తుంది.

అందుకని జనరేటర్‌ను బండికి కనీసం 20 అడుగుల దూరంలో, సైలెన్సర్ మూతి అవతలి వైపు ఉండేలా, గాలి మీ నుంచి దాని వైపు వీచే చోట పెట్టండి. ఇక్కడే సూర్యలంకలో ఒక తిరకాసు ఉంది. సముద్రతీరంలో పగలు గాలి సముద్రం మీంచి నేల వైపు వీస్తుంది, రాత్రి పొద్దుపోయాక మామూలుగా నేల మీంచి సముద్రం వైపు తిరుగుతుంది. సాయంత్రం ఆరింటికి మీరు గాలి చూసుకుని సరిగ్గా పెట్టిన జనరేటరే అర్ధరాత్రి దాటాక పొగను నేరుగా మీ కిటికీల మీదికి పంపవచ్చు. నిద్రపోయే వేళ వద్దనడానికి ఇది కూడా ఒక కారణం.

అలారం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పొగ అలారం వేరు, కార్బన్ మోనాక్సైడ్ అలారం వేరు. అడిగి రెండోది కొనండి, బ్యాటరీ మీద నడిచేది. కార్బన్ మోనాక్సైడ్ దాదాపు గాలంత బరువే ఉంటుంది కాబట్టి తల పెట్టుకునే ఎత్తులో బిగిస్తే చాలు. వంటగ్యాస్ సిలిండర్ ఉంటే దాని అలారం మాత్రం నేలకు దగ్గరగా ఉండాలి, ఆ గ్యాస్ కిందికి దిగుతుంది.

ఇక సైజు. మన దగ్గర ఇన్వర్టర్ అనే ఒక్క మాటతో మూడు వస్తువులను పిలుస్తాం. ఇంట్లో బ్యాటరీ మీద ఉండే పెట్టె ఇన్వర్టరే, ఏసీ ఇన్వర్టరే, ఇప్పుడు జనరేటరూ ఇన్వర్టరే. మామూలు చిన్న జనరేటర్‌లో 50 హెర్ట్‌జ్ కరెంటు రావాలంటే ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరగాల్సిందే, ఒక్క బల్బు వేసినా, ఏసీ వేసినా. ఇన్వర్టర్ జనరేటర్‌లో తయారైన కరెంటును ముందు డీసీ చేసి, ఆ డీసీ నుంచి ఎలక్ట్రానిక్ బోర్డు శుభ్రమైన 230 వోల్ట్‌లు, 50 హెర్ట్‌జ్ కరెంటు తయారు చేస్తుంది. దానివల్ల లోడు తగ్గితే ఇంజిన్ వేగం తగ్గించుకోవచ్చు. చప్పుడు తగ్గేది, పెట్రోలు మిగిలేది అందుకే. వోల్టేజీ ఊగదు కాబట్టి ఏసీ బోర్డులు కూడా బతుకుతాయి. 2019లో ఒకాయన నా మాట వినకుండా చవగ్గా వస్తోందని మామూలు ఫ్రేమ్ జనరేటర్ 3 కేవీఏది కొన్నారు. ఫ్రిజ్ ఆన్ అయినప్పుడల్లా ఇంజిన్ మూలిగి లేచేది. రెండో ట్రిప్పులో ఏసీ పీసీబీ, అంటే లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు, కాలిపోయింది. జనరేటర్‌లో మిగిల్చిన డబ్బులో మంచి వాటా ఆ బోర్డుకే పోయింది.

పెట్టె మీద రాసిన అంకెను నమ్మొద్దు. ఉదాహరణకు హోండా ఈయూ22ఐ తీసుకోండి. పేరులో 22 ఉన్నా 2.2 కేవీఏ అనేది కొద్దిసేపు ఇవ్వగలిగిన గరిష్ఠం. గంటల తరబడి ఇచ్చేది 1.8. రేటెడ్ అనే అంకెనే చూడండి. పేరు లేని కంపెనీల వాటి మీద 3.5 అని రాసి ఉన్నా, నా లోడ్ బ్యాంకు (జనరేటర్ ఎంత మోస్తుందో పరీక్షించే యంత్రం) మీద పెడితే రెండు దగ్గరే చేతులెత్తేసినవి చూశాను.

మీ ఏసీ ఇన్వర్టర్ రకమా, కంప్రెసర్ ఎప్పుడూ ఒకే వేగంతో తిరిగే పాత ఫిక్స్‌డ్ స్పీడ్ రకమా అన్నది మీరు రాయలేదు. అసలు కీలకం అదే. ఫిక్స్‌డ్ స్పీడ్ ఒక టన్ను ఏసీ నడిచేటప్పుడు 5 ఆంపియర్లు తీసుకుంటే, కంప్రెసర్ లేచే క్షణంలో దానికి నాలుగైదు రెట్లు లాగుతుంది. 2 కేవీఏ మెషిన్ తొమ్మిదీ పదీ ఆంపియర్ల దగ్గరే ఓవర్‌లోడ్ లైటు వెలిగించి సప్లై ఆపేస్తుంది. అప్పుడు షాపువాళ్లు 3 కేవీఏ అంటారు, అది మోయలేనంత ఉంటుంది. 2 కేవీఏది ఇరవై కిలోల చిల్లర, మీ ఆవిడ కూడా దించగలరు. 3 కేవీఏ మూత ఉన్న రకాలు అరవై కిలోల దాకా ఉంటాయి. బరువైనదాన్ని ఎవరూ రోజూ దించి 20 అడుగుల దూరం మోయరు, డిక్కీలోనే ఉంచి స్టార్ట్ చేస్తారు. నేను చిన్నది కొనమనడానికి సగం కారణం ఇదే. మీది ఫిక్స్‌డ్ స్పీడ్ అయితే జనరేటర్ పెంచే బదులు ఏసీని మార్చండి. ఇన్వర్టర్ ఏసీ మెల్లగా లేస్తుంది, ఆ ఒక్క క్షణపు దెబ్బ ఉండదు.

ఆటోనగర్‌లో మే నెల మధ్యాహ్నం, ఎండలో మూసి ఉంచిన ఇలాంటి వ్యాన్‌లో క్లాంప్ మీటరు (వైరు చుట్టూ తగిలించి కరెంటు కొలిచేది) పెట్టి చూసిన లెక్కలు చెప్తాను. ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ మొదటి గంటంతా 1100 వాట్ల పైనే లాగింది. రేకు గోడలు, పెద్ద అద్దాలు, పైన పెనంలా కాలే టాప్. అదే ఏసీ రాత్రి పదకొండు దాటాక, 26 డిగ్రీల దగ్గర పెడితే 400, 500 వాట్ల మధ్య తిరిగింది. టాప్ లోపల, గోడల్లో ఇన్సులేషన్ షీటు, అద్దాలకు లోపలి నుంచి మెరిసే కవర్లు పెట్టించుకోండి. ఇవి చేయకుండా పెద్ద జనరేటర్ కొనడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే.

ఏసీ నడుస్తుండగా ఇండక్షన్ స్టవ్ వేయకండి. 2000 వాట్ల స్టవ్ ఒక్కటే ఈ జనరేటర్‌కు ఎక్కువ, వేసినా 1200లో పెట్టి, ఏసీ ఆపి వేయాలి. మిక్సీ పరవాలేదు, రెండు నిమిషాల పని. గీజర్ అడగొద్దు.

ఇప్పుడు రాత్రి లెక్క. తొమ్మిది గంటలు, సగటున 450 వాట్లు అనుకుంటే నాలుగు యూనిట్లు. 24 వోల్టుల 200 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో ఐదు యూనిట్ల పైచిలుకు ఉంటుంది. ఇన్వర్టర్‌లో పోయే పది శాతం తీసేసినా రాత్రి గట్టెక్కుతుంది. ఫ్రిజ్ కూడా దీని మీదే పెడితే బొటాబొటీ అవుతుంది, కాబట్టి పడుకునే ముందు బండిని జనరేటర్ మీద బాగా చల్లబరిచి, ఆ తర్వాత జనరేటర్ ఆపి బ్యాటరీకి మార్చుకోండి. ఇంట్లో ఇన్వర్టర్‌కు వాడే లెడ్ యాసిడ్ ట్యూబులార్ బ్యాటరీలతో ఇదే పని చేయాలంటే బరువు ఎక్కువవుతుంది, చోటు చాలదు. అవి సగం దాకా వాడితేనే ఎక్కువ కాలం మన్నుతాయి.

ఆ బ్యాటరీని 1.1 కిలోవాట్ల చార్జరుతో నింపడానికి నాలుగున్నర, ఐదు గంటలు. ఈయూ22ఐ లాంటిదాని 3.6 లీటర్ల ట్యాంకు దాదాపు ఖాళీ అవుతుంది. నిజం చెప్పాలంటే పెట్రోలు దగ్గర పెద్ద ఆదా ఏమీ లేదు. రాత్రంతా నేరుగా నడిపినా, పావు లోడు మీద అదే ట్యాంకు ఎనిమిది గంటలు వస్తుంది, అంటే సరిగ్గా తెల్లవారుజామున ఆగి పిల్లలు చెమటతో లేస్తారు. నిద్రమత్తులో, చీకట్లో, వేడిగా ఉన్న ఇంజిన్ మీద పెట్రోలు పోయడం ఇంకో ప్రమాదం. బ్యాటరీకి పెట్టే ఖర్చు పెట్రోలు ఆదాలో తిరిగి రాదు. నిశ్చింతగా నిద్రపోవడానికి పెట్టే డబ్బు అది.

చార్జరు కొనేటప్పుడు పవర్ ఫ్యాక్టర్ కరెక్షన్ (అవసరానికి మించి కరెంటు లాగకుండా చూసే ఏర్పాటు) ఉందా అని అడగండి. అది లేని చవక చార్జరు కిలోవాట్ పనికి ఒకటిన్నర కేవీఏ లాగుతుంది, జనరేటర్ ఊరికే నిండిపోతుంది.

వ్యాన్ ఇంజిన్‌తో తిరుగుతూ కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి డీసీ టు డీసీ చార్జరు కూడా పెట్టించుకోండి. నడుస్తున్నప్పుడు అర కిలోవాట్ వచ్చినా, గుంటూరు నుంచి అరకు దాకా పది గంటల ప్రయాణంలో బ్యాటరీ నిండిపోతుంది. అక్కడ డిసెంబరు, జనవరుల్లో ఏసీ వేసుకున్నవాళ్లను నేనైతే చూడలేదు, దుప్పట్లు చాలవు. అరకు ట్రిప్పులో చాలామందికి జనరేటర్ దించే అవసరమే రాదు. వచ్చినా, దాదాపు 900 మీటర్ల ఎత్తు కాబట్టి అక్కడ ఇంజిన్ శక్తి పది శాతం దాకా పడిపోతుందని గుర్తుంచుకోండి. సూర్యలంక సంగతి వేరు. ఇంటి నుంచి గంటన్నర ప్రయాణం, దాంతో ఒక యూనిట్ కూడా సరిగా నిండదు, పైగా ఉక్క. మీ జనరేటర్‌కు అసలు పని అక్కడే. మధ్యాహ్నం మీరు ఇసుకలో ఉన్నప్పుడు నడిపేసుకోండి. రాత్రయితే పక్కవాళ్లతో పేచీ కూడా వస్తుంది. నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ దాటకూడదన్నది నిబంధన, ఎంత మంచి ఇన్వర్టర్ జనరేటరైనా పక్కన నిలబడితే అంతకంటే ఎక్కువే వినిపిస్తుంది. "చప్పుడే ఉండదు" అన్నది షాపులో, పక్కన ట్రాఫిక్ మోతలో విన్న మాట.

ఎర్తింగ్ గురించి మీరు అడగలేదు, కానీ చెప్పక తప్పదు. ఈ జనరేటర్లలో చాలావాటికి న్యూట్రల్ ఎర్త్‌కు కలిపి ఉండదు, తేలుతూ ఉంటుంది. మీ వ్యాన్‌లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తనంతట తానే పడిపోయి సప్లై ఆపే స్విచ్) పెట్టించినా, వైరు బాడీకి తగిలి లీకైన కరెంటుకు తిరిగి వెళ్లే దారి ఉండదు కాబట్టి అది పడదు. టెస్ట్ బటన్ నొక్కితే మాత్రం టక్కున పడుతుంది, ఎందుకంటే ఆ బటన్ లోపల ఫేజు, న్యూట్రల్ మధ్యే చిన్న లీకేజీ సృష్టిస్తుంది, ఎర్త్‌తో దానికి పనిలేదు. అది చూసి అంతా బాగుందని తృప్తి పడేవాళ్లే ఎక్కువ. పరిష్కారం చిన్నదే. జనరేటర్ నుంచి వచ్చే లైనులో, ఆర్‌సీసీబీకి ముందు, ఒకే ఒక్క చోట న్యూట్రల్‌ను ఎర్త్‌కు, వ్యాన్ బాడీకి కలపాలి. కానీ రిసార్టు ప్లగ్గులోంచి కరెంటు తీసుకునేటప్పుడు ఆ లింకు ఉండకూడదు. అందుకే రెండింటికీ వేర్వేరు ఇన్‌లెట్లు, మధ్యలో ఫేజు, న్యూట్రల్ రెండూ మార్చే చేంజోవర్ స్విచ్ పెట్టిస్తాం. ఇది సొంతంగా చేసుకునే పని కాదు, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో చేయించండి. చేసిన తర్వాత జనరేటర్ మీదే ఆర్‌సీసీబీ టెస్టర్‌తో పడేసి చూపించమని అడగండి.

కేబుల్ 2.5 చదరపు మిల్లీమీటర్ల మూడు కోర్ల రాగి ఫ్లెక్సిబుల్, ఒకే ముక్క. 20 మీటర్లు లాగినా పది ఆంపియర్ల దగ్గర మూడు వోల్టుల చిల్లరే పోతుంది. చుట్ట మీదే ఉంచి వాడితే వేడెక్కుతుంది, మొత్తం విప్పండి.

పెట్రోలు విషయంలో ఒక్కటి. చాలా జనరేటర్ల మాన్యువల్స్‌లో ఇథనాల్ 10 శాతం వరకే అని ఉంటుంది, ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం కలిపింది. నడపడానికి నడుస్తుంది, నా దగ్గరికి వచ్చేవన్నీ అదే తాగుతున్నాయి. పోసి వదిలేస్తేనే తంటా. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, కార్బురేటర్ గిన్నెలో జిగురు కడుతుంది. దసరాకు వాడి సంక్రాంతికి తీస్తే లేవని జనరేటర్లే నాకు జనవరిలో సగం పని. ట్రిప్పు అయిపోగానే ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటర్ డ్రెయిన్ స్క్రూ విప్పి ఆ కాస్త కూడా వంచేయండి. ఆయిల్ కొత్త జనరేటర్‌కు మొదటి 20 గంటల తర్వాత, ఆ పైన ప్రతి వంద గంటలకు మార్చండి, పట్టేది అర లీటరు కూడా ఉండదు. ఇసుకలో ఒరిగి ఉంటే ఆయిల్ తక్కువైందనుకుని తనంతట తానే ఆగిపోతుంది, చెక్క పలక వేసి సమంగా పెట్టండి. పలక వేస్తే ఫిల్టరులోకి ఇసుక పోవడం కూడా తగ్గుతుంది. సముద్రం దగ్గర్నుంచి రాగానే తడి గుడ్డతో తుడవండి, ఉప్పు గాలికి సాకెట్లు పచ్చబడిపోతాయి.

మీ ఏసీ ఔట్‌డోర్ యూనిట్ మీద ఉన్న స్టిక్కరు ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. అందులో రేటెడ్ ఇన్‌పుట్ వాట్లు, కరెంటు ఉంటాయి. అది చూస్తే ఏసీ మార్చాలా, ఉన్నదానితోనే లాగించవచ్చా అన్నది చెప్తాను. అప్పటిదాకా ఆ షాపుకు అడ్వాన్స్ ఇవ్వకండి.